కోచ్ మీ మీద ఏం ఖర్చు పెడుతున్నాడు?

ఈరోజు ఎపిసోడ్ ఆటలాడే పిల్లల కోసం. అమెరికాలో హైస్కూల్ చదువుతూ కాలేజీ టీమ్‌లో చోటు కోసం చూస్తున్న మన తెలుగు పిల్లలు ఉన్నారు. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్ ఆడుతూ అమెరికా కాలేజీ వైపు చూస్తున్నవాళ్ళూ ఉన్నారు. ఇది మీ ఇద్దరికీ. అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే వాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకోండి. డబ్బులు వాళ్ళవే కదా.

నేను డివిజన్ త్రీ కాలేజీలో నాలుగేళ్ళు టెన్నిస్ ఆడాను. ఇప్పుడు డాలస్ దగ్గర ఉద్యోగం, శని ఆదివారాలు క్లబ్‌లో పిల్లలకి ఆట నేర్పడం. ప్రతి వేసవిలో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "అక్కా, ఫలానా యూనివర్సిటీ కోచ్ నాకు మెయిల్ పెట్టాడు!" అని. మొహం వెలిగిపోతూ ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే. ఆ మెయిల్ పంపడానికి ఆయనకి ఏం ఖర్చయింది?

ఈ ఎపిసోడ్ మొత్తంలో మీరు గుర్తు పెట్టుకోవాల్సింది ఈ ప్రశ్నే. కోచ్ ఎంత తియ్యగా మాట్లాడాడన్నది వదిలెయ్యండి. మీ మీద ఏం ఖర్చు పెడుతున్నాడు? టైమా, కాలేజీ డబ్బా, తన దగ్గరున్న కొద్దిపాటి సీట్లలో ఒకటా? ఏమీ ఖర్చు పెట్టకపోతే, ఆ మాటకి ఇంకా విలువ రాలేదని అర్థం.

ముందు సిస్టమ్ గురించి రెండు ముక్కలు. మన దగ్గర స్పోర్ట్స్ కోటా అంటే సర్టిఫికెట్ల ఫైలు. నేషనల్స్ ఆడావా, స్టేట్ ఆడావా, పాయింట్లెన్ని, ర్యాంకెంత అని చూస్తారు. అమెరికాలో అలా సర్టిఫికెట్లు తీసుకునే కౌంటర్ ఉండదు. అక్కడ ఒక మనిషి ఉంటాడు, ఆయనే కోచ్. ఆయనకి ఒక టీమ్ ఉంది. వచ్చే ఏడాది ఇద్దరు సీనియర్లు వెళ్ళిపోతున్నారు, వాళ్ళ చోట్లోకి మనుషులు కావాలి. మీరు ఆ చోటుకి సరిపోతే మీతో మాట్లాడతాడు. లేకపోతే మీరెంత బాగా ఆడినా మాట్లాడడు. అందుకే "నేను సరిపోనా?" అని రాత్రంతా కుమిలిపోకండి. ఏ టీమ్‌కి, ఏ ఏడాదికి, నాలాంటి ప్లేయర్ కావాలి అని వెతకండి.

ఈ కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాదాపు 1,100 కాలేజీలు దాని కింద ఉన్నాయి. మూడు డివిజన్లు. వన్, టూలో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, కానీ చదువును బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం దొరకొచ్చు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి 8 ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ వన్‌లో ఆడతాయి, అయినా అవి కూడా ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఎన్‌ఏఐఏ అని ఇంకో సంస్థ ఉంది. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలకి ఎన్‌జేసీఏఏ ఉంది. వీటిల్లోనూ మంచి ఆట ఉంది, స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. మన ఇళ్ళల్లో వీటి పేర్లు ఎత్తరంతే.

ఇంకో మాట. మన ఇళ్ళల్లో పిల్లలు ఇష్టంగా ఆడే క్రికెట్, బ్యాడ్మింటన్, ఈ రెండిటికీ ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ లేదు. అప్లికేషన్‌లో రాసుకోవచ్చు, అది మంచిదే. కానీ "బ్యాడ్మింటన్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం" అని ఎవరైనా డబ్బులడిగితే, ముందు ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో బ్యాడ్మింటన్ టీమ్ ఉందో లేదో చూడండి.

అమెరికా హైస్కూళ్ళలో ఆటలాడేవాళ్ళు దాదాపు 80 లక్షల మంది. ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఆడేవాళ్ళు 5 లక్షల పైచిలుకు. తలుపు ఇరుకే, కానీ మూసేసి లేదు.

మరి మనవాళ్ళు ఎవరైనా వెళ్ళారా? వెళ్ళారు. వైజాగ్‌లో పెరిగిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. తర్వాత 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ గెలిచాడు. సహజ యమలపల్లి టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్‌కి ఆడింది. నిశేష్ బసవరెడ్డి పుట్టింది అమెరికాలో, అమ్మానాన్నలది నెల్లూరు. స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్ళు ఆడి 2024 డిసెంబర్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ తర్వాతి నెలలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. స్టాన్‌ఫర్డ్ పేరు అందరికీ తెలుసు. శామ్ హ్యూస్టన్ పేరు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది విని ఉంటారు? పేరు వినలేదు కదా అని చిన్నచూపు చూడకండి, అదీ డివిజన్ వన్ కాలేజీయే.

సరే, ఇప్పుడు అసలు విషయం. కోచ్ ఖర్చుని ఒక మెట్ల వరుసలా చూద్దాం.

కింది మెట్టు: ఖర్చు సున్నా. క్యాంప్‌కి రమ్మని మెయిల్. "మా వెబ్‌సైట్‌లో ఫారం నింపు" అని లింక్. ఇన్‌స్టాలో ఫాలో. వీటిని ఒకేసారి వేలమందికి పంపొచ్చు. క్యాంప్‌కి ఫీజు కట్టేది మీరు, ఫ్లైట్ టికెట్ మీది, హోటల్ మీది. చాలా కాలేజీల్లో ఆ ఫీజులోంచే కోచ్‌లకి, అసిస్టెంట్లకి అదనపు ఆదాయం వస్తుంది. అంటే ఇక్కడ ఖర్చు పెడుతున్నది మీరు.

మా క్లబ్‌లో ఒక కుటుంబం ఉంది. అమ్మాయి బాగా ఆడుతుంది. ఒక వేసవిలో క్యాంప్ ఆహ్వానాలు వరసగా వచ్చాయి, వాళ్ళ నాన్న అన్నిటినీ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించారు. నాలుగు రాష్ట్రాలు తిరిగారు. ఆ పిల్ల ప్రతి క్యాంప్‌లోనూ ప్రాణం పెట్టి ఆడింది. తిరిగొచ్చాక ఏ కోచ్ నుంచీ ఒక్క ఫోన్ రాలేదు. "అక్కా, నా ఆటలో లోపం ఏంటి?" అని అడిగింది. లోపం ఏమీ లేదు. వాళ్ళెవరూ అసలు ఆమెని చూడ్డానికి పిలవలేదు. మరి క్యాంప్‌లన్నీ దండగా? అలా కాదు. కోచ్ ముందే మీతో మాట్లాడుతూ, "క్యాంప్‌లో నీ ఆట చూడాలనుకుంటున్నా" అని మీ పేరుతో చెప్తే, వెళ్ళండి. లేకపోతే ఆ డబ్బుతో రెండు మంచి టోర్నమెంట్లు ఆడండి.

రెండో మెట్టు: టైమ్. కోచ్ మీ మ్యాచ్ గురించి, మీ టైమింగ్ గురించి ప్రత్యేకంగా రాస్తాడు. ఫోన్ చేస్తాడు. మిమ్మల్ని చూడ్డానికి వస్తాడు. ఇక్కడ ఒక రూల్ తెలియక చాలామంది పిల్లలు అనవసరంగా ఏడుస్తారు. డివిజన్ వన్‌లో చాలా ఆటలకి, పదో తరగతి అయిపోయాక వచ్చే జూన్ 15 వరకు కోచ్ మీకు రిక్రూటింగ్ విషయంలో జవాబివ్వకూడదు. కొన్ని ఆటలకి తేదీలు వేరు. మీరు మాత్రం ఎప్పుడైనా రాయొచ్చు. కాబట్టి తొమ్మిదిలో మెయిల్ పెడితే జవాబు రాలేదంటే మీరు నచ్చలేదని కాదు. ఆయన నోరు రూల్ కట్టేసింది. కానీ జూన్ 15 దాటి, రెండు మూడు సార్లు రాసినా పలకలేదంటే, అదే జవాబు. లిస్టులో తర్వాతి కాలేజీకి వెళ్ళిపోండి.

మూడో మెట్టు: కాలేజీ డబ్బు. అఫీషియల్ విజిట్ అంటే మీ ప్రయాణం, బస, భోజనం కాలేజీ భరించొచ్చు. డివిజన్ వన్‌లో చాలా ఆటలకి పదకొండో తరగతి మొదలయ్యే ముందు ఆగస్టు 1 నుంచి ఇది కుదురుతుంది. అన్‌అఫీషియల్ విజిట్ అంటే ఖర్చు మీదే. "రా, క్యాంపస్ చూసి వెళ్ళు" అన్న మాటకీ, "టికెట్ మేం బుక్ చేస్తాం" అన్న మాటకీ చాలా తేడా ఉంది. చిన్న కాలేజీలకి బడ్జెట్ ఉండకపోవచ్చు, అది కూడా నిజమే. అలాంటప్పుడు ఇంకో గుర్తు ఉంది. మీ మార్కులు అడిగి, అడ్మిషన్స్ ఆఫీస్‌కి చూపిస్తాడు. దాన్ని ప్రీ-రీడ్ అంటారు. ఐవీ లీగ్‌లో, చదువుకి పేరున్న డివిజన్ త్రీ కాలేజీల్లో, పన్నెండో తరగతికి ముందు వేసవిలో ఇది జరుగుతుంది. కోచ్ తన పరపతిని మీ కోసం వాడటం మొదలుపెట్టాడని దానికి అర్థం.

నాలుగో మెట్టు: సీటు. పేరున్న కాలేజీల్లో కోచ్ అడ్మిషన్స్ వాళ్ళకి ఒక చిన్న లిస్టు ఇస్తాడు. ఆ లిస్టులో ఉంటే దారి చాలా సులువవుతుంది. దాని విలువెంతో తెలియాలంటే 2019 మార్చిలో బయటపడిన వర్సిటీ బ్లూస్ కేసు గుర్తు చేసుకోండి. డబ్బున్న తల్లిదండ్రులు, ఆ ఆట ఆడని తమ పిల్లల్ని ఆటగాళ్ళుగా చూపించి ఆ లిస్టుల్లోకి ఎక్కించడానికి లక్షల డాలర్లు లంచమిచ్చారు. దాన్ని నడిపిన రిక్ సింగర్‌కి 2023 జనవరిలో మూడున్నరేళ్ళ జైలు శిక్ష పడింది. దొంగదారిలో కొన్నవాళ్ళకే ఆ చోటు విలువ తెలిస్తే, కష్టపడి ఆడే మీరు "ఆ లిస్టులో నేనున్నానా సార్?" అని అడగడానికి సిగ్గుపడటం ఎందుకు?

ఐదో మెట్టు: కాగితం. ఇంతకుముందు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒకటి ఉండేది. 2024 అక్టోబర్‌లో దాన్ని తీసేశారు. ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందమే అసలు కాగితం. అందులో అంకె రాసి ఉంటుంది, ఎన్నేళ్ళకో రాసి ఉంటుంది. అది చేతికి రాకముందు "నీకు చోటుంది, టెన్షన్ పడకు" అన్నది నోటి మాట. నోటి మాటతో కోచ్‌నీ కట్టెయ్యలేం, మిమ్మల్నీ కట్టెయ్యలేం.

నాకు తెలిసిన ఒక అబ్బాయికి కోచ్ నోటితోనే మాటిచ్చాడు. మంచివాడే, మోసం చెయ్యాలని కాదు. వసంతంలో ఆయనకి ఇంకో యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు. కొత్త కోచ్‌కి ఈ పిల్లాడెవరో కూడా తెలీదు. అప్పటికి మిగతా కాలేజీల టీమ్‌లు నిండిపోయాయి. పార్టీ ఇచ్చేసిన ఇల్లు అది. కేక్ మీద ఆ యూనివర్సిటీ బొమ్మ కూడా వేయించారు. ఆ అబ్బాయి ఆరు నెలలు రాకెట్ పట్టుకోలేదు.

ఇప్పుడు పరిస్థితి ఇంకొంచెం మారింది. 2025 జూన్‌లో ఎన్‌సీఏఏ మీద నడిచిన ఒక పెద్ద కేసులో సెటిల్‌మెంట్‌కి కోర్టు ఒప్పుకుంది. కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు. ఆ పద్ధతిలోకి వచ్చిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయి, టీమ్‌లో ఉండే మనుషుల సంఖ్య మీద పరిమితి వచ్చింది. ఉదాహరణకి మగపిల్లల టెన్నిస్‌లో ఇదివరకు డివిజన్ వన్ టీమ్ మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే. వాటినే ముక్కలు చేసి పంచేవాళ్ళు. ఇప్పుడు 10 మంది దాకా ఉండొచ్చు, ఎంతమందికి డబ్బివ్వాలన్నది కాలేజీ ఇష్టం. వినడానికి బాగుంది. కానీ స్విమ్మింగ్ లాంటి పెద్ద టీమ్‌లకి 30 అని గీత గీస్తే, చివరి వరసలో నిలబడి నెమ్మదిగా ఎదుగుదామనుకునే పిల్లలకి చోటు తగ్గుతుంది.

పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్. 2018లో మొదలైంది. ఒక కాలేజీలో ఆడుతున్నవాళ్ళు అందులో పేరు పెట్టుకుని ఇంకో కాలేజీకి మారొచ్చు. అంటే కోచ్‌కి మీరు ఒక్కరే కనిపించరు. 17 ఏళ్ళ మీ పక్కన, రెండేళ్ళు కాలేజీ ఆట ఆడేసిన 20 ఏళ్ళ ప్లేయర్ కూడా కనిపిస్తాడు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. జవాబు రాకపోవడం వెనక మీకు సంబంధం లేని లెక్కలు ఎన్ని ఉంటాయో తెలియడానికి చెప్తున్నా.

సరే, మరి మనం ఏం చెయ్యాలి?

ఒకటి. మెయిల్ మీరే రాయండి. నాన్న రాయకూడదు. "మై సన్ ఈజ్ వెరీ టాలెంటెడ్" అని నాన్న రాసిన మెయిల్ కోచ్‌కి ఇట్టే తెలిసిపోతుంది. నాలుగేళ్ళు ఆయన వేగాల్సింది మీతో. చిన్నగా రాయండి. మీ పేరు, హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, ఆట. టెన్నిస్ అయితే యూటీఆర్ రేటింగ్, స్విమ్మింగ్ అయితే మీ టైమింగ్స్. మార్కులు. వీడియో లింక్. రాబోయే టోర్నమెంట్లు ఎక్కడ. చివర్లో ఆ కాలేజీయే ఎందుకో ఒక్క నిజమైన వాక్యం. అదే మెయిల్‌ని కాపీ చేసి 40 మందికి పంపితే, మీరు కూడా ఖర్చు సున్నా మెట్టు మీదే ఉన్నట్టు. కోచ్‌లకీ అది తెలుస్తుంది.

రెండు. సూటిగా అడగండి. "మా సంవత్సరానికి ఎంతమందిని తీసుకుంటున్నారు? మీ లిస్టులో నేను ఎన్నోదాన్ని? అడ్మిషన్స్‌లో నాకు సపోర్ట్ చేస్తారా? స్కాలర్‌షిప్ ఎంత, ఒక ఏడాదికా నాలుగేళ్ళకా? కాగితం ఎప్పుడిస్తారు?" పెద్దవాళ్ళని ఇలా అడగడం మర్యాద కాదని మనకి చిన్నప్పటి నుంచి నేర్పారు. అక్కడ ఇది మామూలు మాట. గౌరవంగా అడగండి, కానీ అడగండి. మంచి కోచ్ సూటిగా చెప్తాడు. "నువ్వు నాలుగో పేరు, ముగ్గురిని తీసుకుంటున్నా" అని చెప్పిన కోచ్ మీకు మేలు చేసినట్టే. మీ టైమ్ మిగిల్చాడు.

మూడు. చదువు పక్కన పెట్టొద్దు. డివిజన్ వన్‌కి హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు, వాటిల్లో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. ఆ 16లో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీకి ఎస్ఏటీ ఇప్పుడు అక్కర్లేదు, కానీ కాలేజీ అడగొచ్చు. ఇండియాలో ఉన్నవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా వినండి. వాళ్ళు తొమ్మిదో తరగతి నుంచి మార్కులు చూస్తారు. ఆ మొదలు నుంచి చదువు సకాలంలో పూర్తయిందా అని కూడా చూస్తారు. "ఆట కోసం ఒక ఏడాది చదువు ఆపేద్దాం" అనుకునే ముందు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ రూల్స్ చదవండి. కోచింగ్ అకాడమీ వాళ్ళ మాట విని ఆపేసి, తర్వాత తల పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంకోటి, ఎఫ్-వన్ వీసా మీద వెళ్ళేవాళ్ళు బ్రాండ్ డీల్ పేరుతో ఎవరైనా డబ్బిస్తామంటే సంతకం పెట్టకండి. ముందు కాలేజీలో ఇంటర్నేషనల్ ఆఫీస్‌ని అడగండి. వీసాకే ప్రమాదం రావొచ్చు.

నాలుగు. రిక్రూటింగ్ ఏజెన్సీలు. కొంతమంది నిజంగానే సాయం చేస్తారు, ముఖ్యంగా ఇండియా నుంచి దారి తెలియనివాళ్ళకి. కానీ వాళ్ళు కూడా మెయిల్సే పంపుతారు, వీడియోలే పెడతారు. ఆ పనిలో చాలాభాగం మీ ఫోన్‌లో మీరే చెయ్యగలరు. "స్కాలర్‌షిప్ గ్యారంటీ" అన్నారంటే లేచి వచ్చెయ్యండి. గ్యారంటీ ఇవ్వగలిగింది కాలేజీ ఒక్కటే, అదీ కాగితం మీద.

ఐదోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. కోచ్ మీ మీద ఏం ఖర్చు పెడుతున్నాడో చూశాం. మీరు పెడుతున్నది దానికంటే పెద్దది. నాలుగేళ్ళ జీవితం. అందుకే ప్రతి కాలేజీకీ ఒక పరీక్ష పెట్టండి. మొదటి నెలలోనే మోకాలు విరిగి ఇక ఆడలేనని తేలిందనుకోండి. అయినా ఆ కాలేజీలో ఉండాలనిపిస్తుందా? మీరు చదవాలనుకున్న కోర్సు అక్కడుందా? స్కాలర్‌షిప్ పోతే ఇంట్లో ఫీజు కట్టగలరా? వీటికి అవును అని వస్తేనే ఆ కాలేజీ లిస్టులో ఉండాలి. కోచ్ మారొచ్చు, రూల్స్ మారొచ్చు, టీమే ఎత్తేయొచ్చు. డిగ్రీ మీ పేరు మీదే ఉంటుంది.

ఈ వారం ఒక పని చెయ్యండి. మీకు ఇప్పటిదాకా వచ్చిన మెయిల్స్, మెసేజ్‌లు అన్నీ తెరవండి. ఒక్కోదాని పక్కన ఆ కోచ్ ఏం ఖర్చు పెట్టాడో రాయండి. సున్నా, టైమ్, డబ్బు, సీటు, కాగితం. చాలావాటి పక్కన సున్నా పడుతుంది. బాధపడకండి. సున్నా కానివి రెండు దొరికినా, ఇక మీరు మాట్లాడాల్సింది ఆ ఇద్దరితోనే. అసలేమీ దొరక్కపోతే, మీ లెవెల్‌కి సరిపోయే 10 కాలేజీల రోస్టర్లు తెరిచి, ఎవరు గ్రాడ్యుయేట్ అవుతున్నారో చూసి, ఈ రాత్రే మొదటి మెయిల్ రాయండి.

బాగా ఆడండి, బాగా చదవండి. అడగాల్సింది నోరు తెరిచి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.